మెక్సికోవాడి మోకాలు

ఐదింటికి పిలుస్తామన్నారు. ఇప్పుడు నాలుగైంది, లేకపోతే నాలుగు దాటి ఇంకాస్త అయింది. ఏడో తరగతి గదిలో గోడ గడియారానికి చిన్నముల్లు మాత్రమే నడుస్తోంది, పెద్దముల్లు ఎప్పుడో అలిగి ఆరు దగ్గర వేలాడుతోంది, అందుకని నాగూర్ వలికి టైమెంతో తెలియడం లేదు. తెలియకపోవడం అతనికి కొత్తేమీ కాదు. పన్నెండేళ్ళుగా అతని తలకాయ సంగతీ ఇదే, సగం నడుస్తుంది, సగం వేలాడుతుంది. పిల్లలు కూర్చునే పొట్టి బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు ముప్పై ఆరేళ్ళ మనిషి, పత్తిమిల్లు జట్టుకు పన్నెండేళ్ళు సెంటర్ ఫార్వర్డుగా ఆడి ఈ రోజుతో చాలించుకుంటున్న మనిషి. ఒంటి మీద భార్య ఖుర్షిదా కుట్టిన కొత్త చొక్కా, మెడ దగ్గర గంజి గుచ్చుకుంటోంది. కిటికీ అవతల మైదానంలో షామియానా, జనం, మైకు ముందు మిల్లు గుమాస్తా రామచంద్రమూర్తి. రెండు వందల పద్నాలుగు గోల్సు, అంటున్నాడు రామచంద్రమూర్తి, ఇన్ని కొట్టిన మొనగాడు మన జిల్లాలో లేడు, అన్నింటిలోకీ యాభైనాలుగో సంవత్సరం షీల్డు ఫైనల్లో తలతో కొట్టిన ఆ ఒక్క గోలు చాలు, ఆ గోలు కథ ఈ సాయంత్రం వలిగారే స్వయంగా తన నోటితో చెబుతారు. వలి చేత్తో నోరు తుడుచుకున్నాడు. ఎవరి గోలు, ఏ నోటితో. అది తను కొట్టాడో లేదో తనకే తెలియదన్న మాట ఇన్నేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు, కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పలేదు. చెప్పవలసినవాడు ఒక్కడే ఉన్నాడు, వాడు పొద్దున కనిగిరి బస్సు దిగి వచ్చి ఇప్పుడు ఆ జనంలో ఎక్కడో కూర్చున్నాడు.

గాలి మాత్రం బాగా గుర్తుంది. మార్చి నెల గాలి, ఇవాళ్టిలాగే మైదానం పక్క మిర్చి కొట్ల మీదుగా వచ్చే గాలి. కల్లాల్లో ఎండిన కాయ బళ్ళ మీద వస్తే కొట్ల ముందు రాశులు పోస్తారు, నీళ్ళు చిలకరిస్తారు, కాయ మెత్తబడ్డాక గోనెల్లో పోసి కాళ్ళతో తొక్కుతారు. నీళ్ళు చల్లకుండా తొక్కితే కాయ పిండి అయిపోతుందనీ ఘాటు లేస్తుందనీ గుంటూర్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. కానీ ఆ రోజు ఫైనలు, అందులోనూ బెజవాడ జట్టుతో. తొక్కేవాళ్ళకు ఆట చూడాలని తొందర. నీళ్ళు తెచ్చేదెవరు, చల్లేదెవరు, మెత్తబడేదాకా కాచుకునేదెవరు, పొడికాయనే గోనెల్లో కుక్కి తొక్కి అవతల పారేసి గోడెక్కి కూర్చున్నారు మహానుభావులు. ఇంకో నాలుగు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా గాలి తిరిగింది. మైదానమంతా ఎర్రటి పొగ. రిఫరీ నోట్లో ఈల, గొంతులో దగ్గు. బెజవాడ గోలీ రెండు చేతులూ కళ్ళ మీద. మూడువేలమంది జనం ఒకటే తుమ్ములు, నవ్వులు, తొక్కినవాళ్ళ మీద తిట్లు. అప్పుడే కుడివైపు నుంచి కార్నరు కిక్కు, బంతి పైకి లేచింది, అది చూశాడు, అదొక్కటీ ప్రమాణం చేసి చెప్పగలడు. కళ్ళు భగ్గుమన్నాయి, మూసుకున్నాడు, పరిగెత్తాడు, ఎగిరాడేమో. ఆ తర్వాత మొహం మీద నీళ్ళు, తన మీదికి వంగిన, ఆట నేర్పిన లక్ష్మీనరసింహం మాస్టారు, ఆయన జంధ్యం తన ముక్కు మీద, తర్వాత జనం భుజాల మీద తను. జనం కళ్ళు తుడుచుకుని చూసేసరికి బంతి వలలో ఉందట, వలి గోలు గీత మీద నెత్తురు కారుతూ పడి ఉన్నాడట. ఇంకెవరు కొడతారు, తలతో కొట్టి ఆ ఊపులో పోస్టుకు గుద్దుకున్నాడు, అంతే. చూసినవాడు ఒక్కడు లేడు, సాక్ష్యం చెప్పనివాడూ ఒక్కడు లేడు.

మొదట్లో, ఎట్టా కొట్టావయ్యా అని టీకొట్టు దగ్గర అడిగితే, ఏదో కొట్టాలే అని నవ్వి ఊరుకునేవాడు. ఊరుకోనిస్తేగా. ఎగిరావు గదా, ఎగిరాను. మెడ ఇట్టా తిప్పావు గదా, తిప్పాను. ఒకడు మెడ ఇచ్చాడు, ఒకడు కుడి నుదురు ఇచ్చాడు, ఒకడు గోలీ చెయ్యి చాచి అందుకోలేకపోవడం ఇచ్చాడు, అన్నీ పోగు చేసుకుంటే గోలు తయారైంది. పెళ్ళయిన కొత్తలో ఖుర్షిదా అడిగితే అరగంట చెప్పాడు, మొహాన్ని బంతికి ఎదురు తిప్పి చూపించాడు కూడా. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ గోలు స్పష్టంగా కనబడుతుంది, అదే భయం. చొక్కా వీపు మీద చిరుగు, ఆ చిరుగు పైకి లేవడం, అందులోంచి వెన్నెముక, దానికి అవతల బంతి. ఎవడి వీపు వాడికి ఎలా కనబడుతుంది. వెనక నిలబడ్డవాడికి కదా కనబడేది. ఆ ఎర్రటి పొగలో తన వెనక ఉన్నది ఇమాం హుస్సేన్ ఒక్కడే, ఇవాళ పొద్దున బస్సు దిగినవాడు, అయితే కొట్టింది వాడేనేమో.

అదొక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు. ఆ రెండు వందల పద్నాలుగులో మెక్సికోవాడివి కూడా కొన్ని కలిసిపోయాయేమోనని వలికి లోపల ఇంకో గుబులు. మెక్సికోవాణ్ణి తెచ్చింది మాస్టారే. ఈ బళ్ళోనే, ఈ గదిలోనేనేమో, భూగోళం చెప్పేవాడు ఆయన, సాయంత్రమైతే పంచె ఎగ్గట్టి మైదానంలో ఈల ఊదేవాడు. మద్రాసులో పాత పుస్తకాల కొట్లో కొన్న ఇంగ్లీషు పత్రికలోంచి ఒక కాగితం కత్తిరించి తెచ్చాడు. గాల్లో మనిషి, బుంగమీసం, తెరిచిన నోరు, నెత్తికి ఆనుకుని బంతి, కింద నాలుగు వరసల అక్షరాలు. వీడు మెక్సికోవాడురా, గోల్సు కొట్టడంలో వీడి తర్వాతే ఎవడైనా అన్నాడు. మెక్సికో ఎక్కడండీ అంటే, పొద్దున చద్దన్నంలో నంజుకున్నావే మిరపకాయ, అది పుట్టింది అక్కడేరా, ఓడలెక్కి మన దాకా వచ్చింది, వాడికీ మనకీ మిరపకాయ చుట్టరికం అన్నాడు. ఆ చుట్టరికం వలికి నరాల్లోకి ఎక్కింది. సోమవారం సోమవారం అడగడమే, మెక్సికోవాడు ఈ వారం ఎన్ని కొట్టాడండీ. మూడు కొట్టాడు. రెండు కొట్టాడు. ఈ వారం జ్వరంరా, ఆడలేదు. అలా ఆ మనిషి బతుకంతా సోమవారాల్లో తెలిసింది. మిరప చేలల్లో పుట్టాడు, గుడ్డపీలికల బంతితో ఆడాడు, పట్నం వెళ్ళి మొదటి ఆటలోనే ఖాళీ గోలు పోగొట్టి జనం చేత తిట్లు తిన్నాడు, ఏడుస్తూ ఊరికి బయలుదేరి సగం దారిలో వెనక్కి తిరిగాడు, వంద కొట్టాడు, రెండు వందలు కొట్టాడు, ఆటంటే గిట్టని పిల్లను పెళ్ళాడాడు. ఒక వాన రోజు పట్నంలో లక్షమంది ముందు నడుము లోతు బురదలో దొర్లి కొట్టిన గోలుకు జనం టోపీలు విసిరారు. ఆ బురద వలికి ఇప్పటికీ నోట్లో తగులుతుంది. గుంటూర్లో టోపీలు పెట్టుకుని ఆట చూసేదెవరు, లక్షమంది ఎక్కడ, ఆ గోలు ఎవరిది, ఆ బురద ఎవరి నోట్లోది.

తర్వాత ఒక సోమవారం మాస్టారు చిరాగ్గా ఉన్నాడు, మోకాలు విరిగిందిరా, ఇంక లేవడు, వెళ్ళు అన్నాడు. రెండు రోజులు వలి ముద్ద ముట్టలేదు. ఇమాం పగలబడి నవ్వాడు, ఎవడో మెక్సికోవాడి మోకాలికి నువ్వు పస్తుంటే వాడికి వాపు తగ్గుద్దంట్రా అని. తగ్గలేదు సరే, తర్వాతి సోమవారం మాస్టారు వలి మొహం ఒకసారి చూసి, అతుక్కుందిరా, డాక్టర్లే నోళ్ళు తెరిచారు, వచ్చే నెల ఆడతాడు అన్నాడు. ఆ రోజు వలి మైదానం చుట్టూ ఎన్ని సార్లు పరిగెత్తాడో. ఎనిమిదేళ్ళ తర్వాత మిల్లు గేటు దగ్గర రామచంద్రమూర్తికి ఆ కాగితం చూపించి చదవమంటే, మీసాలాయన ఆ ఆటలో రెండు గోల్సు కొట్టాడు, అంతే, మిగతాదంతా సబ్బు ప్రకటన అన్నాడు. కాగితం పట్టుకుని మాస్టారింటికి పరిగెత్తాడు వలి. భార్య శ్యామలాంబగారు ఇచ్చిన మజ్జిగ తాగుతూ ఆయన తల కూడా ఎత్తలేదు.

"అంతా నా కల్పనేరా. నువ్వు వారం వారం వచ్చి అడుగుతుంటే ఏం చెప్పమంటావు?"

"మరి మోకాలండీ?"

"విసుగొచ్చి విరగ్గొట్టాను. నీ మొహం చూళ్ళేక అతికించాను."

కోపం రావలసింది, రాలేదు. మోకాలు అతకడం అబద్ధమైతే విరగడమూ అబద్ధమే కదా అనుకుని సంతోషించాడు కూడా, ఆ సంతోషమేమిటో ఇప్పటికీ అర్థం కాదు. ఇంతకూ ఇమాం ఎక్కడ కూర్చున్నాడు. వలి బల్ల మీంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు, ముందు వరసలో మిల్లు యజమాని తెల్లటి తలపాగా, వేదిక మీద శుక్లాలు పట్టిన కళ్ళతో మాస్టారు, ఆడవాళ్ళ వైపు ఖుర్షిదా. ఇమాం కనబడలేదు. పోయాడేమో. పన్నెండేళ్ళ క్రితం కూడా చెప్పకుండానే పోయాడు. ఇద్దరూ దూదేకులవాళ్ళ పిల్లలే, ఇమాం కనిగిరి నుంచి మేనత్తగారింటికి వచ్చి ఇక్కడ ఉండేవాడు, పొద్దున పూట ఇద్దరూ ఒకే విల్లు భుజాన వేసుకుని వీధులు తిరిగి పరుపులకు దూది ఏకేవాళ్ళు, సాయంత్రం ఒకే జత బూట్లతో ఆడేవాళ్ళు. మాస్టారు కొనిచ్చిన జత ఒకటే, వాడిది ఎడమకాలి వాటం గనక ఎడమ బూటు వాడికి, కుడి బూటు తనకు, రెండో కాలు ఇద్దరికీ ఉత్తదే. జట్టుకు చొక్కాలు కుట్టించిన మిల్లు యజమాని ఫైనలు ముందు రోజు వచ్చి, గోలు కొట్టి షీల్డు తెచ్చినవాడికి మిల్లులో పర్మనెంటు పని అన్నాడు. పని ఒకటే, బూట్లలాగా పంచుకోవడానికి కుదరదు. ఇమాం ఆ రాత్రి నవ్వుతూ, ఎవరికొస్తే ఏందిరా అన్నాడు. పని వలికి వచ్చింది. తలకు కట్టు విప్పకముందే గేటు దగ్గర కాపలాకు నిలబెట్టారు. ఏకులా వచ్చి మేకులా దిగబడ్డాడని పాత కాపలావాళ్ళు అనుకుంటే ఏ ఏకో, ఏ మేకో, నిజంగా దిగబడవలసినవాడు కనిగిరి పోయి తండ్రి అల్లాబక్షు విల్లు భుజానికెత్తుకున్నాడు, దూది నుసి పీలుస్తూ పన్నెండేళ్ళు ఊరూరా తిరిగాడు, ఒక్కసారీ గుంటూరు రాలేదు, పెళ్ళికి పిలిస్తే రాలేదు. కోపం రాదా మరి. తన గోలును కళ్ళముందే ఎవడో ఎత్తుకుపోతే రాదా. చెప్పొచ్చు కదా. అందరి ముందూ అడగొచ్చు కదా. అడిగితే ఇచ్చేవాడా తను, అప్పుడు, ఆ పని వదులుకుని. ఇక్కడికి వచ్చేసరికి వలి ఆలోచన ప్రతిసారీ దారి తప్పుతుంది, తల ఎడమ వైపు సన్నగా మొదలవుతుంది, మిర్చి సీజను వస్తే చాలు మొదలవుతుంది. ఖుర్షిదా నూనె రాస్తూ చెవి పైన సొట్టలో వేలు ఆనించి, ఇక్కడేనా అంటుంది.

పొద్దున బస్సు దిగి వచ్చినవాడు చంకలో ఒక దిండు పట్టుకుని వచ్చాడు. గడ్డం నెరిసింది, దగ్గు ఉంది. బూరుగు దూది, నేనే గింజలేరి ఏకానమ్మా, తలకి మెత్తగా ఉంటది అని ఖుర్షిదా చేతికి ఇచ్చాడు. సన్మానానికి ఎవరైనా శాలువా తెస్తారు, పళ్ళు తెస్తారు, దిండు తెచ్చేవాడు ఎక్కడైనా ఉంటాడా. అన్నం పెడుతూ ఖుర్షిదా, ఈయనకి తలనొప్పి లేస్తే నా పేరు కూడా మర్చిపోతాడన్నా, ఆ పోస్టు దెబ్బ ఇంకా వదల్లేదు అంటే, ఇమాం చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు, ఆకలి లేదమ్మా అని చెయ్యి కడుక్కున్నాడు. చూశావా, గోలు మాట వస్తే ముద్ద దిగడం లేదు వాడికి. ఇవాళ చెప్పేస్తే. అందరి ముందూ, అది నాది కాదండీ అని. తీరా అది నిజంగా తనదే అయితే. పేగు తెంచుకుని పుట్టిన గోలును దానం చేసినవాడవుతాడు, వెర్రివాడవుతాడు. తనది కాకపోతే దొంగవుతాడు. చెప్తే రేపు గేటు దగ్గర నిలబడనిస్తారా, ఈ వయసులో మళ్ళీ విల్లు పట్టగలడా. వెర్రివాడా, దొంగా, ఈ రెంటిలో తను ఎవరో తెలిస్తే ఏదో ఒకటి చెప్పి ఇంటికి పోవచ్చు.

తలుపు కిర్రుమంది. ఇమాం. గడప దగ్గరే నిలబడ్డాడు, ఎడమ కాలి చెప్పు విడిచి, మళ్ళీ తొడుక్కుని.

"పిలుస్తున్నారు పోరా. పెళ్ళికొడుకల్లే కూర్చున్నావు."

"ఇమాం, ఆ గోలు నీదేరా. నాకు తెలుసు."

"నీకేం తెలుసు. నన్ను చెప్పనీ." వాడు గోడ వైపు చూస్తూ మాట్లాడాడు. "నాకూ కళ్ళు కనపళ్ళా ఆ రోజు. బంతి నీ మీదగా వస్తంది గదా అని వాటంగా ఎడమకాలు ఇసిరా. బూటుకి తగిలింది, గట్టిగా తగిలింది. కళ్ళు తెరిచేతలికి నువ్వు నా కాళ్ళ కాడ నెత్తుట్లో పడుండావు."

"అయితే నీదే."

"తగిలింది బంతో నీ తలకాయో నాకు తెలీదురా. వలి గోలు, వలి గోలు అని ఊరంతా అరుస్తా ఉంటే, వాడిది గోలైతే మరి నేను తన్నిందేందిరా దేవుడా అనుకున్నా. ఇంక నీ మొహం ఏం పెట్టుకుని చూసేది. పన్నెండేళ్ళు. పొద్దున ఖుర్షిదామ్మ నీ తలనొప్పి సంగతి చెప్పిందాకా, ఏం కాలేదులే అని బతికా."

వలి చెయ్యి తనంతట అదే చెవి పైకి పోయింది. సొట్ట అక్కడే ఉంది, వేలు పట్టేంత. పోస్టుదా, బూటుదా, ఏ సొట్ట అయినా చెబుతుందా తనను ఎవరు చేశారో. దిండు. తలకి మెత్తగా ఉంటది. తను ఇన్నేళ్ళూ వాడి గోలు దొంగిలించానని కుములుతుంటే వాడు అక్కడ తన తల పగలగొట్టానని కుములుతున్నాడు, ఇద్దరిలో ఎవరికీ ఏమీ తెలియదు, ఎర్రటి పొగలో కళ్ళు మూసుకుని నిలబడ్డవాళ్ళు అలాగే నిలబడి ఉన్నారు. గోలు తనదైతే వాడు తన్నింది తల. గోలు వాడిదైతే వాడు తన్నింది బంతి. ఈ లెక్క వలి తలలో అటూ ఇటూ రెండు సార్లు తిరిగింది, మూడోసారి తిరగకుండా ఆగింది. మైకులో రామచంద్రమూర్తి పేరు పెట్టి పిలుస్తున్నాడు, జనం చప్పట్లు కొడుతున్నారు. రారా, ముందుకొచ్చి కూర్చో అని వలి, ఇమాం భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిచాడు.

వేదిక మెట్లు మూడో నాలుగో. యజమాని శాలువా కప్పాడు, తలపాగా దగ్గర అత్తరు వాసన, దాని వెనకే కొట్ల మీదుగా ఘాటు. మైకు చల్లగా ఉంది. ఎదురుగా జనం మొహాలు, కథ తెలిసినవాళ్ళ మొహాలు, మెడ తిప్పడం ఎక్కడ వస్తుందో, గోలీ చెయ్యి చాచడం ఎక్కడ వస్తుందో తెలిసి ముందే నవ్వుతున్న మొహాలు. వలికి ఎగిరే వీపు కనబడింది, చొక్కా చిరుగు కనబడింది, ఎంత బాగుంది ఆ గోలు, మెక్సికోవాడు కూడా కొట్టలేదు అలాంటిది. దాన్నే ఇప్పుడు వదులుకోవాలి. రెండు చేతులతో మైకు పట్టుకున్నాడు.

"ఆ గోలు నాది కాదండీ. ఎగిరిన మాట నిజం. బంతి నాకందలా, పైనించి పోయింది. ఎనకమాల ఇమాం హుస్సేను ఉండాడు, అదుగో, ఆ కూర్చున్నాయనే. ఎడమ బూటుతో కొట్టాడు. బంతి పోయి వల్లో పడటం నేను పడతా పడతా కళ్ళారా చూశా."

షామియానా గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంది. యజమాని రామచంద్రమూర్తి వైపు చూశాడు, రామచంద్రమూర్తి చేతిలో కాగితం వైపు చూశాడు. ఖుర్షిదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు మాత్రం శుక్లాల కళ్ళు మూసుకుని, వినపడుతున్న వైపు చెవి తిప్పి కూర్చున్నాడు, ఒకప్పుడు సోమవారం ప్రశ్న విన్నట్టే విన్నాడు.

"మరి నీ తల దేనికి కొట్టుకుందిరా?" అన్నాడు, అందరికీ వినపడేట్టు.

"పోస్టుకేనండీ."

"పోస్టుకేనా?"

"పోస్టుకేనండీ. ఇంకేం తగల్లా."

మాస్టారు తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు. రేపు గేటు దగ్గర ఏమవుతుందో వలికి తెలియదు. ఇప్పుడు చెప్పింది అబద్ధమో, అనుకోకుండా నిజమో, అదీ తెలియదు. ముందు వరస చివర ఇమాం రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు, కొట్ల గాలి గట్టిగా వీస్తోంది గనక పక్కవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటున్నారు, ఎవరూ వాణ్ణి ప్రత్యేకంగా చూడలేదు. చేతులు తీశాక ఏమంటాడో. కళ్ళు మూసుకున్నవాడివి ఏం చూశావురా అంటాడేమో. వలి మైకు వదలకుండా వాడి మొహం కోసం ఎదురుచూశాడు. అతుక్కుందిరా అని మాస్టారు అన్న రోజు తను ఒక్క ప్రశ్న వెయ్యలేదు, ఎలా అతుక్కుందని అడగలేదు, విన్నాడు, నమ్మాడు, పరిగెత్తాడు. వాడూ అలాగే నమ్మితే చాలు. ఇమాం చేతులు తీశాడు, వలి వైపు చూడలేదు, వంగి తన ఎడమకాలిని చూసుకున్నాడు, చెప్పు విడిచి ఆ పాదాన్ని మట్టి మీద ఆనించాడు.